నెత్తురు ఎటు పోతోంది?

వదిన మాట మొదట్నుంచీ ఒకటే: "తిండి సరిగ్గా తింటే ఈ బిళ్ళలూ సూదులూ అక్కర్లేదు." మరదలి మాటా ఒకటే: "తిండితో తీరేదైతే ఇంతదాకా వచ్చేదే కాదు." ఇద్దరూ రక్తం తక్కువైన మనుషులే, ఇద్దరూ పట్టిన పట్టు విడవనివాళ్ళే. వేసవి సెలవుల్లో ఓ మధ్యాహ్నం, తెనాలి దగ్గరి ఒక పల్లెలో, వసారాలో కూర్చుని గోంగూర ఒలుస్తూ వాళ్ళు పడ్డ వాదన ఇది.

వదిన అంటే మరదలి భర్తకు పెద్దక్క. అరవై దాటాయి. పొలం పని, పాడి పని, ముగ్గురు పిల్లల పెంపకం అన్నీ తన చేతుల మీదుగా జరిగినవే. మరదలికి 39. ప్రభుత్వ హైస్కూల్లో జీవశాస్త్రం టీచరు. వారానికోసారి మధ్యాహ్న భోజనం అయ్యాక పిల్లలకు నీలం రంగు ఐరన్ బిళ్ళలు దగ్గరుండి మింగించేది ఆవిడే. ఆ బిళ్ళలు పంచే చేతికి గోళ్ళు మధ్యలో గుంటపడుతున్న సంగతి బళ్ళో ఎవరూ గమనించలేదు, ఆవిడతో సహా.

ఆవిడకు తేడా తెలిసింది మెట్ల దగ్గర. పదో తరగతి గది పై అంతస్తులో ఉంది. గబగబా ఎక్కే మెట్లనే మధ్యలో ఆగి, కమ్మీ పట్టుకుంటే గానీ ఎక్కలేని స్థితి వచ్చింది. బోర్డు మీద రాస్తుంటే గుండె దడ. దువ్వెన నిండా జుట్టు. రాత్రి పడుకుంటే కాళ్ళు ఒకచోట ఉండనివ్వవు. పని ఎక్కువైందనుకుంది, వయసనుకుంది, థైరాయిడేమోనని ఆ పరీక్షా చేయించుకుంది. వీటన్నిటికన్నా వింత, బియ్యం. వంటకు బియ్యం కొలిచేటప్పుడల్లా గుప్పెడు నోట్లో వేసుకోకుండా ఉండలేకపోయేది. రానురాను హ్యాండ్‌బ్యాగులో చిన్న స్టీలు డబ్బా చేరింది. స్టాఫ్‌రూమ్‌లో ఎవరూ లేనప్పుడు మూత తీసి నాలుగు గింజలు నమిలేది. బియ్యం అయిపోయిన రోజున సుద్దముక్క వాసన చూస్తే నోట్లో నీళ్ళూరేవి.

"నేనూ తిన్నాను బియ్యం," అంది వదిన. "పచ్చి బియ్యం తింటే పెళ్ళిలో వాన కురుస్తుందని మా అమ్మ చేతి మీద కొట్టేది. అదో జబ్బని ఎవరన్నా అన్నారా? ఆడపిల్లలందరూ తింటారు."

"అందరూ తింటారు కాబట్టే ఎవరికీ అనుమానం రాలేదు వదినా. ఒంట్లో ఇనుము తగ్గినప్పుడు బియ్యం, మట్టి, బలపం, ఐసుముక్కలు తినాలనిపిస్తుంది. నాకు ఐరన్ ఎక్కించిన కొద్ది రోజులకే ఆ కోరిక దానంతటదే పోయింది. అప్పటికి రక్తం ఇంకా పూర్తిగా పెరగనే లేదు."

బియ్యం తినే అమ్మాయిని మందలించడం మన ఇళ్ళలో మామూలు. కింది కనురెప్ప లాగి ఎర్రగా ఉందో తెల్లగా ఉందో చూడటం మామూలు కాదు.

మరదలి రిపోర్టులో హిమోగ్లోబిన్ 6.8 గ్రాములు. గర్భవతి కాని ఆడవాళ్ళకు 12 కన్నా తక్కువైతే రక్తహీనత కింద లెక్క. గర్భిణులకు 11, మగవాళ్ళకు 13. ఆడవాళ్ళలో 8 కన్నా దిగితే తీవ్రమైనదని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. 6.8తో ఆవిడ రోజూ బడికి వెళ్ళింది, వంట చేసింది, పరీక్ష పేపర్లు దిద్దింది. అది గొప్పగా చెప్పుకునే సంగతి కాదని ఇప్పుడు ఆవిడే అంటుంది. రక్తం ఒక్కసారిగా తగ్గితే మనిషి పడిపోతుంది. నెలల తరబడి, ఏళ్ళ తరబడి కొంచెం కొంచెంగా తగ్గితే ఒళ్ళు సర్దుకుపోతుంది. గుండె వేగం పెంచుకుని నెట్టుకొస్తుంది. బయటికి కనిపించేది నీరసం ఒక్కటే.

వదినకు ఆ గీత మీదే నమ్మకం లేదు. "మొన్న అంగన్‌వాడీ టీచరు చెప్పింది, నూటికి అరవై మంది ఆడవాళ్ళకు రక్తం తక్కువట. సగం మందికి పైగా ఉన్నదాన్ని జబ్బని ఎట్లా అంటారు? మనిషి తీరే అంతేమో! కొలిచేవాళ్ళ గీతే తప్పేమో!"

ఈ ప్రశ్నను తేలిగ్గా తీసేయకూడదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 58.8, తెలంగాణలో 57.6. అంతకు ముందు సర్వేలో దేశం మొత్తం మీద 53 శాతమే. ఈ సర్వేలో వేలి కొసన సూది గుచ్చి తీసిన చుక్కతో కొలిచారు. వేలు నొక్కి పిండితే కణాల మధ్య ఉండే నీరు కలిసి లెక్క తేడా రావచ్చని శాస్త్రవేత్తలే అన్నారు. 2016–18లో పిల్లల మీద చేసిన సమగ్ర పోషకాహార సర్వేలో నరంలోంచి రక్తం తీసి చూస్తే, 10 నుంచి 19 ఏళ్ళ ఆడపిల్లల్లో రక్తహీనత 40 శాతంగా తేలింది. కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 19 ఏళ్ళ వాళ్ళలో 59 శాతం. వయసులు వేరైనా, కొలిచే తీరు వల్ల అంకె మారుతుందన్నది నిజమే.

మరదలు ఇది ఒప్పుకుంది. "సరే, నలభయ్యే అనుకోండి. నా క్లాసులో పదిమంది అమ్మాయిల్లో నలుగురు. అది చిన్న సంగతా? గీత దగ్గర 11.5 ఉందా 12 ఉందా అని డాక్టర్లు వాదించుకోనివ్వండి. 6.8 దగ్గర వాదన ఏముంది? అదీ వేలి కొసన చూసింది కాదు, నరంలోంచి తీసి చూసింది. ఫెరిటిన్ 4 ఉంది."

"అదేంటి మళ్ళీ?"

"వంటింటి డబ్బాలో బియ్యం హిమోగ్లోబిన్ అనుకుంటే, గాదెలో ధాన్యం ఫెరిటిన్. డబ్బా ఖాళీ అయ్యేదాకా గాదె ఎవరూ చూడరు."

గాదె మాట వదినకు వెంటనే అందింది. కానీ ఒప్పుకోలేదు. గాదె నిండాలంటే పొలం పండాలి గానీ బిళ్ళలు మింగితే నిండుతుందా అంది. బీట్‌రూట్ రసం, దానిమ్మ, ఖర్జూరం, మునగాకు, తోటకూర, గోంగూర అంటూ జాబితా మొదలెట్టింది. అది వదిన ఒక్కదాని జాబితా కాదు. రక్తం తక్కువని తెలిసిన మర్నాటి నుంచి ప్రతి చుట్టమూ చెప్పే జాబితా అదే. మరదలు వాటిని తిననిదీ కాదు. మూడేళ్ళ కిందట బళ్ళో పెట్టిన వైద్యశిబిరంలో మొదటిసారి 8.9 అని తేలినప్పుడు ఆరు నెలల పాటు రోజూ పొద్దున్నే బీట్‌రూట్ రసం తాగింది. మూత్రం ఎర్రబడింది. అంకె కదల్లేదు.

ఎరుపుకూ ఇనుముకూ సంబంధం లేదు. 100 గ్రాముల బీట్‌రూట్‌లో ఇనుము ఒక మిల్లీగ్రాము లోపే. దానిమ్మ గింజల్లో అరమిల్లీగ్రాము కూడా ఉండదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన ఆహార పట్టికలు తిరగేస్తే, మనం తక్కువగా చూసే గింజలే ముందు కనిపిస్తాయి. 100 గ్రాముల రాగుల్లో 4.6 మిల్లీగ్రాములు, సజ్జల్లో 6.4, ఉలవల్లో 8కి పైనే. ఆడవాళ్ళకు రోజుకు 29 మిల్లీగ్రాముల ఇనుము తిండి ద్వారా అందాలని ఆ సంస్థ 2020లో చెప్పింది. మగవాళ్ళకు 19 చాలు. ఇంట్లో ఎవరి కంచంలో ఎంత పడుతోందో, ఎవరు చివర తింటున్నారో ఈ రెండంకెల పక్కన పెట్టి చూస్తే కడుపులో దేవినట్టవుతుంది. అందరూ తిన్నాక అడుగున మిగిలిన పులుసు అన్నంలో పోసుకునే మనిషికే ఎక్కువ ఇనుము కావాలి.

మరదలు కాగితం తీసి లెక్క వేసింది. 55 కిలోల మనిషి, హిమోగ్లోబిన్ 6.8. రక్తం మళ్ళీ మామూలు స్థితికి వచ్చి, గాదె కూడా కాస్త నిండాలంటే సుమారు 1500 మిల్లీగ్రాముల ఇనుము ఒంట్లోకి చేరాలి. మన అన్నం, పప్పు, ఆకుకూరల భోజనంలో ఉన్న ఇనుములో పదో వంతు కూడా పేగులు పీల్చుకోవు. కొరత ఉన్నప్పుడు ఒళ్ళు కాస్త ఎక్కువే లాక్కుంటుంది. అలా లాక్కున్నా రోజుకు రెండు మిల్లీగ్రాములు ఒంటబడితే మంచి భోజనం కిందే లెక్క. అందులో ఒక మిల్లీగ్రాము మామూలు అరుగుదలకే పోతుంది. నెలసరిలో పోయేది తీసేస్తే మిగిలేది సున్నా.

"అంటే నా వంట దండగన్నమాట," అంది వదిన, నొచ్చుకుని.

"దండగ కాదు వదినా. పడిపోకుండా నిలబెట్టేది తిండే. పడిపోయినదాన్ని లేపడానికి మాత్రం చాలదు."

వదిన కాసేపు మాట్లాడకుండా ఈనెలు తీసింది. తర్వాత ఆవిడ అడిగిన రెండు ప్రశ్నలు డాక్టరు అడగాల్సినవి. "నువ్వు భోజనం కాగానే టీ తాగుతావుగా? బడిలో చింతపండు పులుసులు మాని టిఫిన్ డబ్బాలో పెరుగన్నం పట్టుకుపోతావుగా?"

తాగుతుంది. పట్టుకుపోతుంది. టీ, కాఫీలు భోజనంతో కలిస్తే ఆకుకూరల్లో, గింజల్లో ఉండే ఇనుము ఒంటబట్టడం సగానికి పైగా పడిపోవచ్చు. నిమ్మకాయ, ఉసిరి, జామ లాంటివి తోడైతే పెరుగుతుంది. పాలు, పెరుగు, కాల్షియం బిళ్ళ అడ్డుపడతాయి. మరదలు మొదటి విడతలో ఐరన్ బిళ్ళను స్టాఫ్‌రూమ్ టీతో మింగింది, దాంతో పాటే కాల్షియం బిళ్ళ కూడా. పొద్దున్నే పరగడుపున గ్యాస్ బిళ్ళ వేసుకునే అలవాటు వేరే ఉంది. కడుపులో ఆమ్లం తగ్గితే ఇనుము సరిగ్గా కరగదు. మందు చీటీ మీద ఈ ముక్క ఎవరూ రాయలేదు.

"ఇనప మూకుడు అటక మీద పడేసి ఆ నాన్‌స్టిక్ పెనాలు కొన్నప్పుడే చెప్పాను," అని వదిన పైచేయి తీసుకుంది. ఇందులోనూ ఆవిడ మాటే నిజం. ఇనప మూకుట్లో చింతపండు పులుసు ఉడికితే పాత్రలోని ఇనుము కొంత కూరలోకి దిగుతుంది. మరదలు ఆ మూకుడును అటక మీంచి దింపడానికి అప్పుడే ఒప్పుకుంది. మాంసంలో, చేపల్లో, ముఖ్యంగా కార్జంలో ఉండే ఇనుము తేలిగ్గా ఒంటబడుతుందని, దానికి టీ అంతగా అడ్డుపడదని తనే చెప్పింది. అయితే వాళ్ళింట్లో ఆదివారం తప్ప నీసు వండరు. శ్రావణంలో, కార్తీకంలో అదీ ఉండదు.

అసలు గొడవ ఎర్ర బిళ్ళల దగ్గర వచ్చింది.

వదిన మొదటి కాన్పు నాటి సంగతి. నర్సమ్మ ఇంటికొచ్చి బిళ్ళలు ఇచ్చి వెళ్ళేది. వేసుకుంటే వాంతి, నోరంతా ఇనుము నాకినట్టు చేదు, మలం నల్లగా. బిడ్డ నల్లగా పుడతాడని పక్కింటామె, బిడ్డ పెద్దదై కాన్పు కష్టమవుతుందని అత్తగారు భయపెట్టారు. ఆ బిళ్ళలన్నీ పెరట్లో అరటిచెట్టు మొదట్లోకి చేరాయి. "నర్సమ్మ మంచిదే. ఇచ్చేసి పుస్తకంలో టిక్కు పెట్టుకునేది. వేసుకున్నావా, ఏమైంది అని కూర్చుని అడిగింది లేదు," అంది వదిన.

గర్భిణులకు ఐరన్, ఫోలిక్ ఆమ్లం బిళ్ళలు ఇచ్చే జాతీయ కార్యక్రమం 1970లోనే మొదలైంది. 2018లో 'అనీమియా ముక్త్ భారత్' పేరుతో దాన్ని విస్తరించారు. అయిదు నుంచి తొమ్మిదేళ్ళ పిల్లలకు గులాబీ రంగు, బడి ఈడు పెద్దపిల్లలకు నీలం, గర్భిణులకూ బాలింతలకూ ఎరుపు. యాభై ఏళ్ళకు పైగా బిళ్ళలు పంచుతున్నా అంకె ఇక్కడే ఎందుకుంది అంటే, వదిన అరటిచెట్టు జవాబులో కొంత భాగం. మలం నల్లబడటం ఇనుము వల్లే, భయం లేదని ఎవరో ఒకరు ముందే చెప్పి ఉంటే ఆ బిళ్ళల్లో కొన్నయినా కడుపులోకి వెళ్ళేవి.

"ఇప్పుడైతే రోజు విడిచి రోజు వేసుకోమంటున్నారు కొందరు డాక్టర్లు," అంది మరదలు. స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్‌లో 2015లోనూ 2017లోనూ వెలువడిన పరిశోధనలు దీనికి ఆధారం. ఒక ఐరన్ మోతాదు పడగానే కాలేయం హెప్సిడిన్ అనే హార్మోను విడుదల చేస్తుంది. అది దాదాపు ఒక రోజు పాటు పేగుల్లో ఇనుము దారి మూసేస్తుంది. మర్నాడే మళ్ళీ మింగితే అందులో ఎక్కువ భాగం పేగులో ఉండిపోయి వికారం, మలబద్ధకం తెస్తుంది. ఒక రోజు ఆగితే, మింగిన బిళ్ళలో ఒంటబట్టే వంతు పెరుగుతుంది. అందరికీ ఇదే పద్ధతని కాదు. గర్భిణులకు, బాగా తక్కువ ఉన్నవాళ్ళకు ఎలా వాడాలో డాక్టరే చెప్పాలి. కానీ వాంతికి భయపడి పూర్తిగా మానేసే మనిషికి మధ్యే దారి ఒకటి ఉంది.

"ఆ ఎర్ర బిళ్ళలో సగం మన భీమవరం వాళ్ళది, తెలుసా వదినా?" అని మరదలు టీచరు గొంతుతో మొదలెట్టింది. 1928లో లూసీ విల్స్ అనే ఇంగ్లీషు వైద్యురాలు బొంబాయి వచ్చింది. బట్టల మిల్లుల్లో పనిచేసే పేద ఆడవాళ్ళు గర్భిణులుగా ఉండగా తీవ్రమైన రక్తహీనతతో చనిపోతున్నారు. ఇనుము ఇచ్చినా లేవని రకం అది. ఈస్ట్‌తో చేసే మార్మైట్ అనే చవకైన నల్లటి పేస్టు తినిపిస్తే వాళ్ళు కోలుకున్నారు. 1931లో ఆమె దాన్ని ప్రచురించింది. అందులో ఏముందో తేలడానికి ఇంకా పదేళ్ళ పైన పట్టింది. ఫోలిక్ ఆమ్లాన్ని 1945లో అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలలో కృత్రిమంగా తయారు చేశారు. ఆ పరిశోధనకు నాయకత్వం వహించింది 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన సోదరులిద్దరు స్ప్రూ అనే పేగుల జబ్బుతో చనిపోయారు. ఆ జబ్బు ఆయన్నీ పట్టింది. తిన్నది ఒంటబట్టనివ్వక రక్తాన్ని కూడా పీల్చేసే రోగం అది. ఫోలిక్ ఆమ్లం దానికి పనిచేసే మందే.

"సంగ్రహణి అంటారే, అట్లాంటిదా? మా నాయనమ్మ దానితోనే పోయింది," అంది వదిన. అప్పటిదాకా బిళ్ళ మాటెత్తితే ముఖం తిప్పుకున్న ఆవిడ ఈ ఒక్క కథ మాత్రం చివరిదాకా వింది.

అయినా ఆవిడ దగ్గర ఇంకో అస్త్రం ఉంది, బలమైనది. "మూడేళ్ళ కిందట బిళ్ళలు వాడావు. ఎనిమిది తొమ్మిది ఉన్నది పదకొండుకొచ్చింది. మళ్ళీ ఆరుకెందుకు పడింది? బిళ్ళ అంత గొప్పదైతే నెత్తురు ఎటు పోయింది?"

రక్తహీనత వైద్యం మొత్తంలో అసలు ప్రశ్న ఇదే. చాలా చీటీలు దీన్ని అడగకుండానే రాసేస్తారు. మరదలి మొదటి పొరపాటు, అంకె 11కు రాగానే బిళ్ళలు ఆపేయడం. హిమోగ్లోబిన్ మామూలుకొచ్చాక కూడా నిల్వలు నిండటానికి మరో మూడు నెలలు వాడాలి. రెండోది అంతకన్నా పెద్దది. నెలసరి ఎలా ఉందని అడిగినప్పుడు 'మామూలే' అంది. ఏడెనిమిది రోజులు, గడ్డలు గడ్డలుగా, గంట గంటకూ ప్యాడు మార్చుకునే పరిస్థితి. బడికి నల్లచీర కట్టుకుని, బ్యాగులో ఇంకో చీర పెట్టుకుని వెళ్ళే రోజులు. వాళ్ళమ్మకూ అంతే, పెద్దమ్మకూ అంతే. అందుకే అది మామూలు. నెలసరిలో 80 మిల్లీలీటర్ల కన్నా ఎక్కువ పోతే ఎక్కువైనట్టే అని వైద్యులు లెక్క గడతారు. ఇంట్లో ఎవరు కొలుస్తారు? గంటకో ప్యాడు తడుస్తోందంటే, పెద్ద గడ్డలు పడుతున్నాయంటే, వారం దాటుతోందంటే కొలవక్కర్లేదు, చెప్పాలి.

వదిన ఇది ఎప్పుడో కనిపెట్టింది. రెండేళ్ళ కిందట సంక్రాంతికి వచ్చినప్పుడు తెల్లారుజామున మరదలు దుప్పటి ఉతుక్కోవడం చూసింది. "అడిగితే సిగ్గుపడతావని ఊరుకున్నాను," అంది. అడిగి ఉంటే రెండేళ్ళు కలిసొచ్చేవని ఇద్దరికీ తెలుసు.

6.8 దగ్గర ఆసుపత్రిలో సెలైన్‌లో ఐరన్ కలిపి విడతలుగా ఎక్కించారు. ఆ మందు ముదురు గోధుమ రంగులో ఉండేసరికి, చూడటానికి వచ్చిన చుట్టాలు 'రక్తం ఎక్కిస్తున్నారు' అని ఊరంతా చెప్పారు. రక్తం ఎక్కించలేదు. మనిషి నిలకడగా ఉండి, ఇనుము లోపమే కారణమైతే చాలాసార్లు ఆ అవసరం రాదు. నెల తిరిగేసరికి 10.2కు వచ్చింది. స్కానింగ్‌లో గర్భసంచి లోపలి పొర వైపు మూడు సెంటీమీటర్ల గడ్డ కనిపించింది. క్యాన్సర్ కాదు. నెత్తురు పోతున్న దారి మాత్రం అదే.

"తీయించెయ్," అంది వదిన. గడ్డను కాదు, గర్భసంచిని. "పిల్లలు పుట్టారు, పని అయిపోయింది. మా వీధిలో నలుగురు తీయించుకున్నారు. ఆరోగ్యశ్రీ ఉండగా డబ్బు మాటా లేదు. నెల నెలా ఈ చావెందుకు?"

ఆవిడ గొంతులో ప్రేమే ఉంది. కానీ ఈ సలహా తెలుగు నేల మీద ఎంత సులువుగా దొరుకుతుందో తలుచుకుంటే భయం వేస్తుంది. గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్ళ శాతం దేశంలో అన్ని రాష్ట్రాలకన్నా ఆంధ్రప్రదేశ్‌లో ఎక్కువ, దాని వెనకే తెలంగాణ. ముప్పై అయిదైనా నిండనివాళ్ళు అందులో ఎందరో. అక్కర్లేని ఈ ఆపరేషన్ల మీద 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు జోక్యం చేసుకుని, కేంద్రం తయారు చేసిన మార్గదర్శకాలను మూడు నెలల్లోగా అమలు చేయాలని రాష్ట్రాలను ఆదేశించింది. కొందరికి ఆ ఆపరేషన్ తప్పదు, అది వేరే సంగతి. రక్తం తక్కువని వచ్చిన మనిషికి మొదటి జవాబుగా అదే దొరకడం దారుణం.

మరదలు గట్టిగానే చెప్పింది. "ఆ నలుగురిలో సుబ్బరంగా ఉన్నదెవరో చెప్పండి వదినా. ఇద్దరికి అండాశయాలు కూడా తీసేశారు. నలభై నిండకుండానే ఒంట్లో ఆవిర్లు, ఎముకలు గుల్లబారడం. నా గడ్డను కోత లేకుండా కింది నుంచి సన్నని గొట్టం పంపి దాన్ని ఒక్కదాన్నే తీయొచ్చన్నారు. అప్పటిదాకా నెలసరిలో నాలుగు రోజులు ట్రానెక్సామిక్ ఆమ్లం బిళ్ళ వేసుకుంటున్నాను. నెత్తురు పోవడం బాగా తగ్గింది. ఇంత దారి ఉండగా మొత్తం అవయవాన్ని ఎందుకివ్వాలి?"

"గడ్డ మళ్ళీ వస్తే?"

"రావచ్చు. వస్తే అప్పుడు చూసుకుంటాను. అప్పటికి నాకు నలభై అయిదో, యాభయ్యో."

వదినకు ఇది నచ్చలేదు. తన చెల్లెళ్ళలో ఒకరు ఏళ్ళ తరబడి అవస్థ పడి, ఆపరేషన్ అయ్యాకే మనిషైందని, ఆ సుఖం విలువ తెలియక మాట్లాడుతున్నావని అంది. ఆ చెల్లెలి అనుభవం అబద్ధం కాదు. ఇద్దరి మాటలూ రెండు ఒళ్ళు పడ్డ బాధల్లోంచి వచ్చినవి. అందుకే ఇద్దరూ తగ్గలేదు. ఈ ఒక్క విషయంలో మాత్రం మరదలిదే సబబు. ఒళ్ళు ఆవిడది. దారులన్నీ తెలుసుకున్నాకే ఎంచుకుంది.

మధ్యలో ఇంకో రకం సంగతి కూడా వచ్చింది. మరదలి క్లాసులో ఒక అమ్మాయికి ఎన్ని ఐరన్ బిళ్ళలు మింగించినా అంకె పది దాటేది కాదు. చివరికి హిమోగ్లోబిన్ రకాలు తేల్చే పరీక్ష చేస్తే థలసీమియా వాహకురాలని తేలింది. ఒంట్లో ఇనుముకు కొరతే లేదు. ఆ అమ్మాయికి ఐరన్ బిళ్ళ పనిచేయకపోవడం ఆమె తప్పూ కాదు, తిండి తప్పూ కాదు. పెళ్ళి కుదిరినప్పుడు అబ్బాయికీ ఆ పరీక్ష చేయించాలన్నది మాత్రం ఇంట్లోవాళ్ళు గుర్తుపెట్టుకోవాలి. పాడేరు, అరకు వైపు గిరిజన పల్లెల్లోనైతే సికిల్ సెల్ జబ్బును కూడా చూడాలి. శాకాహారుల్లో బి12 తగ్గి వచ్చేది ఇంకొకటి.

"చౌకడిపో బియ్యంలో కూడా ఐరన్ కలుపుతున్నారటగా," అంది వదిన. "మా కోడలు ప్లాస్టిక్ బియ్యమని ఏరి పారేస్తోంది. నీళ్ళలో తేలుతున్నాయట." బియ్యప్పిండిలో ఐరన్, ఫోలిక్ ఆమ్లం, బి12 కలిపి బియ్యం ఆకారంలో చేసిన గింజలు అవి. వందకొకటి చొప్పున కలుపుతారు. ఏరి పారేస్తే పోయేది వాటిలో ఉన్న మందే. ఈ ముక్క కోడలికి తనే చెబుతానంది మరదలు.

గోంగూర ఒలవడం అయిపోయింది. అప్పుడు మరదలు అడిగింది, చాలాసేపటి నుంచి అడుగుదామనుకుంటున్నదే: "మీకు పోయిన నెలలో ఎంతుంది వదినా?"

"తొమ్మిదేగా. నాకేం, నేను బానే ఉన్నా."

"మీకు నెలసరి ఆగి పన్నెండేళ్ళు. తిండికి లోటు లేదు, మీ వంట సంగతి మీరే చెప్పారు. మరి మీ నెత్తురు ఎటు పోతోంది?"

వదిన దగ్గర జవాబు లేదు. నెలసరి ఆగిపోయిన ఆడవాళ్ళకు, మగవాళ్ళకు ఇనుము లోపంతో రక్తం తగ్గిందంటే కడుపులోనో పేగుల్లోనో ఎక్కడో కారుతోందేమోనని చూడాలి. బిళ్ళ రాసి పంపడం చాలదు. పుండు కావచ్చు, మొలలు కావచ్చు, కొంకిపురుగులు కావచ్చు. చెప్పులు లేకుండా తడి చేలో తిరిగేవాళ్ళకు పాదాల ద్వారా ఎక్కి పేగు గోడను పట్టుకుని నెత్తురు తాగేది ఆ పురుగే. కొందరిలో పేగు క్యాన్సర్ తొలి గుర్తు ఇదొక్కటే అవుతుంది. ఎండోస్కోపీ, పెద్దపేగు పరీక్ష అందుకే చేస్తారు.

"మోకాళ్ళ నొప్పులకు మెడికల్ షాపులో పొట్లం కట్టించుకుంటారు చూడండి, అది తెండి."

వదిన లోపలికి వెళ్ళి తెచ్చింది. కాగితం పొట్లంలో మూడు రకాల బిళ్ళలు. ఒకదాని రేకు మీద డైక్లోఫెనాక్ అని ఉంది. మిగతా రెండింటికి రేకే లేదు. నాట్లప్పుడు, కోతలప్పుడు రోజుకు రెండు పూటలా, ఏళ్ళ తరబడి. ఈ జాతి నొప్పి బిళ్ళలు కడుపు పొరను తినేసి పుండు చేస్తాయి. కొన్నిసార్లు నొప్పి లేకుండానే నెత్తురు కారుతుంది.

"మలం నల్లగా వస్తోందా?"

"ఐరన్ బిళ్ళలు వేసుకునేదానివి నీకు నల్లగా రావచ్చు గానీ..." అని వదిన ఆగింది. తనైతే ఐరన్ బిళ్ళలు వేసుకోవడం లేదు.

మరదలు సోమవారం గుంటూరు తీసుకెళతానంది. వదిన మినుములు అమ్మే పని తేలాక చూద్దామంది. బీట్‌రూట్ రసంతో తగ్గదని ఇందాకే ఒప్పుకున్నారు కదా అని మరదలు, ఒప్పుకోలేదని వదిన. మినుములు అన్నయ్యగారు అమ్ముతారు, మీరు లేకపోతే తూకం ఆగదని మరదలు. ఆయనకు రేటు మాట్లాడటం రాదని వదిన. చివరికి మంగళవారం కుదిరింది, పొట్లంలోని బిళ్ళలు అప్పటిదాకా ముట్టుకోకూడదన్న షరతు మీద. మోకాళ్ళు నొప్పెడితే పారాసిటమాల్ ఒకటి వేసుకోవచ్చని, గోంగూర పచ్చడి ఇనప మూకుట్లోనే చేయాలని ఒప్పందం.